‘సావేజ్’ని తెలుగులో ఏమనాలి?

పసిఫిక్ యాత్రల మీద ఒక వ్యాసం అనువదిస్తూ ఒక్క పేరు దగ్గర ఆగిపోయానండీ. 1900లో బాసిల్ థామ్సన్ అనే బ్రిటిష్ అధికారి పోర్పాయిస్ అనే యుద్ధనౌక ఎక్కి నియువే, టోంగా దీవులకు ఒప్పందాలు కుదర్చడానికి వెళ్లాడు. మ్యాపుల్లో నియువే పేరు ‘సావేజ్ ఐలండ్’. 1774లో కెప్టెన్ కుక్ ఒడ్డున దిగబోతే అక్కడివాళ్లు తరిమారట, ఆ ఉక్రోషంతో పెట్టిన పేరు. ‘అనాగరిక ద్వీపం’ అని రాశాను గానీ మింగుడు పడట్లేదు.

జవాబు: ‘అనాగరిక’ వద్దు. ‘ఆటవిక’ అనండి. సావేజ్‌కి మూలం లాటిన్‌లో ‘సిల్వా’, అంటే అడవి. మనకేమో అటవి నుంచి ఆటవిక. రెండు చోట్లా ఊళ్లో ఉన్నవాడు అడవిలో ఉన్నవాణ్ణి తిట్టిన తిట్టే! ఇంత చక్కగా కుదిరే జోడీ అరుదు. నియువే వాళ్లకు మాత్రం ఆ మాట అసలు అతకదు. 1846లోనే పెనియమినా అనే ఆ దీవి మనిషి సమోవా నుంచి తిరిగొచ్చి క్రైస్తవం తెచ్చాడు. 1887లో ఆ దీవి నాయకుడు ఫతాఐకి స్వయంగా విక్టోరియా రాణికి ఉత్తరం రాసి రక్షణ అడిగాడు. థామ్సన్ వచ్చేసరికి ఆయన పోయాడు, తోగియా రాజయ్యాడు. అంత ఎదురుచూసి బ్రిటన్ రక్షణ తెచ్చుకుంటే, మరుసటి ఏడే తీసుకెళ్లి న్యూజీలాండ్‌లో కలిపేశారు. పైగా థామ్సన్ ఇంటికెళ్లి రాసిన పుస్తకానికీ ఆ తిట్టునే పేరుగా పెట్టాడు.

ఇంకో జవాబు: అసలు పేరు సంగతి ఎవరూ ఎత్తలేదేం? వాళ్ల భాషలో ‘నియు’ అంటే కొబ్బరికాయ, ‘ఏ’ అంటే ఇదిగో. ఇదిగో కొబ్బరికాయ! (మన ఉత్వసంధి చేస్తే ‘నియే’ అయ్యేది, దీవి బతికిపోయింది.) మలయ్‌లో ‘నియుర్’ కూడా ఈ కుటుంబంలోదే. మన నారికేళంలో మొదటి ముక్క కూడా అటు నుంచే వచ్చిందని కొందరు భాషావేత్తల ఊహ. మా నెల్లూరు వైపు టెంకాయ అంటాం, దానికి ఈ చుట్టరికం లేదు.

మళ్లీ నేనే: చాలా థాంక్సండీ ఇద్దరికీ. కుక్, థామ్సన్ నోట వచ్చినచోట ‘ఆటవిక ద్వీపం’, మిగతా అంతా ‘నియువే’ అని మార్చేశాను. అర్థం కింద ఫుట్‌నోట్‌లో ఇస్తాను. మాది కోనసీమ కాబట్టి అందులో కొబ్బరికాయే ఉంటుంది, నెల్లూరు వారు ఏమీ అనుకోకూడదు.