బతుకమ్మ, సెప్టెంబర్ 30 ఒకే రోజు పడ్డాయి, ఏం చేయాలి?

కెనడాలో ఉంటున్న తెలుగువాళ్లు కాస్త సలహా ఇవ్వండి. ఈసారి మా ఊళ్లో బతుకమ్మ సెప్టెంబర్ 30న పెట్టారు. ఒకప్పుడు ఇక్కడి ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి, వాళ్ల భాష, సంస్కృతి మాన్పించడానికి ప్రభుత్వం, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లుండేవి. వాటికి బలైన పిల్లలను నారింజ చొక్కాలు వేసుకుని తలుచుకునేది ఆ రోజే. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల ఆదివాసీ పాప అమ్మమ్మ కొనిచ్చిన కొత్త నారింజ చొక్కా అలాంటి స్కూలుకు వేసుకెళ్తే, మొదటి రోజే విప్పించి తీసేసుకున్నారు. మళ్లీ ఇవ్వనేలేదు. అలా ఇళ్లకు దూరం చేసిన పిల్లలు 1,50,000 మందికి పైనే. వేలమంది తిరిగి రాలేదు.

ఆ రోజు డీజే పెట్టుకోవడానికి నాకైతే మనసొప్పడం లేదు. తేదీ మార్చమని అడగనా? లేక ఆట మొదలుపెట్టే ముందు ఇక్కడి ఆదివాసీ పెద్దలెవరినైనా పిలిచి మాట్లాడమంటే బాగుంటుందా? పిలిచేటప్పుడు గౌరవంగా పొగాకు ఇవ్వడం, పారితోషికం లాంటి పద్ధతులుంటాయట, అవి తెగ తెగకూ మారతాయట. ముందుగా ఎవరిని అడగాలి? ఆ రోజు వేసుకునే నారింజ చొక్కాలు మాత్రం ఆదివాసీల దగ్గరే కొంటాం. ఇలాంటిది చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.