ఉగాది పనులు (డాలస్ చుట్టుపక్కల): ఫ్లయర్ మీది క్యూఆర్ కోడ్ మన వెబ్‌పేజీలో భోజనాల టికెట్ల దగ్గరికి వెళ్లట్లేదు, గురువారం లోపు తేల్చాలి

భోజనాల కమిటీ (సోమవారం రాత్రి):
అందరికీ నమస్కారం. మిగిలిన పనులు ఇవి, ఎవరు ఏది చూస్తారో కింద రాయండి. మామిడాకులు, పచ్చడికి వేపపువ్వు, పంచాంగ శ్రవణానికి మైకు, పిల్లల పద్యాల వరస, ఆడిటోరియం తాళాలు. ప్లేట్ల లెక్క గురువారం సాయంత్రానికి క్యాటరర్‌కి చెప్పాలి. ఇవాళ్టికి 61 టికెట్లే అమ్ముడుపోయాయి, పోయినసారి ఈపాటికి 200 దాటాయి, ఎందుకో అర్థం కావట్లేదు.

ట్రెజరర్:
61 ఏంది అక్కా? 250 ప్లేట్లకు అడ్వాన్స్ ఇచ్చినం. గిట్లనే ఉంటే హాల్ బాకీ ఎట్ల కడ్తం? మామిడాకులు తర్వాత, ముందు గిది చెప్పున్రి.

ఫ్లయర్లు పంచే బ్యాచ్:
ఇందాకే ప్లేనోలో గ్రోసరీ స్టోర్ దగ్గర ఒక పెద్దాయన ఆపి అడిగారు, స్కాన్ చేస్తే స్పాన్సర్ల ఫొటోలు వస్తున్నాయి, టికెట్ ఎక్కడ కొనాలి బాబూ అని. నేనూ చేసి చూశా, నిజమే, పేజీ పైనే ఆగిపోతోంది. ప్రింట్‌కి ఇచ్చే ముందు నేనే చెక్ చేశా, తిన్నగా భోజనాల దగ్గర దిగింది.

వెబ్‌సైట్:
చూశాను, తెలిసింది. క్యూఆర్‌లో ఉన్న లింక్ చివర హ్యాష్ గుర్తు, దాని తర్వాత భోజనాలు అని ఉంది. పేజీలో ఏ హెడింగ్‌కి ఆ ఐడీ, అంటే ఆ చోటుకి పెట్టిన గుర్తింపు పేరు, ఉంటే బ్రౌజర్ అక్కడికి స్క్రోల్ చేస్తుంది. పేజీకి విషయసూచిక తయారుచేయడానికి మన సైట్‌కి తగిలించిన చిన్న ప్రోగ్రామ్ (ప్లగిన్) హెడింగ్ మాటల్నుంచే ఐడీ తయారు చేస్తుంది. పోయిన వారం భోజనాలు అన్న హెడింగ్‌ని విందు టికెట్లు అని మార్చాం కదా, దాంతో ఐడీ కూడా మారిపోయింది.

ఫ్లయర్లు పంచే బ్యాచ్:
ఒక్క మాట చెప్పి మార్చొచ్చు కదన్నా. 400 ఫ్లయర్లు. రెండు వీకెండ్లు పిల్లల్ని కార్లో కూర్చోబెట్టుకుని ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ దాకా తిరిగాం.

వెబ్‌సైట్:
మార్చమని అడిగింది కమిటీయే. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టి పొద్దున్నకల్లా కావాలన్నారు. నేనూ ఆఫీసు చూసుకుని చేస్తున్నవాణ్ణే.

ట్రెజరర్:
ఎవరు అడిగిన్రు అన్నది ఇప్పుడొద్దు. మళ్ల ప్రింట్ చేసేటందుకు పైసల్ లేవు, సాఫ్ చెప్తున్న.

యూత్ వింగ్:
అన్నా సర్వర్‌లో రీడైరెక్ట్ పెట్టేస్తే? పాత లింక్ కొడితే కొత్తదానికి పంపేలా.

వెబ్‌సైట్:
అది కుదరదు తమ్ముడూ. హ్యాష్ తర్వాతి ముక్క సర్వర్ దాకా వెళ్లదు, బ్రౌజర్ తన దగ్గరే ఉంచుకుంటుంది, సర్వర్‌కి అందేది పేజీ అడ్రస్ మాత్రమే, పేజీ వచ్చాక ఆ పేరున్న చోటు వెతుక్కుంటుంది, దొరక్కపోతే తప్పు అని కూడా చెప్పదు, పైనే నిలబడిపోతుంది. అందుకే ఇన్నాళ్లూ మనకి ఒక్క ఎర్రర్ కూడా కనబడలేదు. తేలికైన దారి, కొత్త హెడింగ్ అలాగే ఉంచి దాని పైన పాత ఐడీతో ఒక ఖాళీ బ్లాక్ పెట్టడం. ఇప్పుడే పెడుతున్నా.

భోజనాల కమిటీ (మంగళవారం పొద్దున):
పెట్టారా? నాకు ఇంకా ఫొటోలే వస్తున్నాయి. ఇంకోటి, మా అత్తగారికి ఆ లింక్ వాట్సాప్‌లో పంపితే చివరంతా శాతం గుర్తులే, ఇదేదో మోసం అనుకుని ఆవిడ నొక్కనేలేదు.

వెబ్‌సైట్:
తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకి కంప్యూటర్ లెక్కలో మూడేసి బైట్లు, కాపీ చేస్తే లింకులో ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, దాని తర్వాత రెండు క్యారెక్టర్లుగా మారుతుంది, అంటే తొమ్మిదేసి క్యారెక్టర్లవుతాయి, భోజనాలు అనే ఒక్క మాటకే 63. వాట్సాప్ కోసం అక్కడే ఇంగ్లిష్ అక్షరాలతో ఇంకో చిన్న ఐడీ కూడా పెడతా. కానీ పాత ఐడీ ఎందుకు పనిచేయట్లేదో తెలియట్లేదు, కళ్లు మూసుకుపోతున్నాయి.

పద్యాల టీచర్:
నాయనా, నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్ చూశాను. బోజనాలు అని ఉంది. ఒత్తు లేదు.

వెబ్‌సైట్:
అమ్మా, అదే! బ్రౌజర్ ఒక్క గుర్తు తేడా ఉన్నా ఒప్పుకోదు. సరిచేశా.

ఫ్లయర్లు పంచే బ్యాచ్:
ఇప్పుడు దిగుతోంది కానీ పైన అతుక్కుని ఉండే మెనూ పట్టీ కింద హెడింగ్, టికెట్ బటన్ సగం దాక్కుంటున్నాయి. నా ఫోన్‌లో.

వెబ్‌సైట్:
అవును, బ్రౌజర్ ఆ చోటుని స్క్రీన్ పై అంచుకి ఆనించేస్తుంది, మెనూ దాన్ని కప్పేస్తుంది. పైన కొంత ఖాళీ వదిలి ఆగేలా చేసే స్క్రోల్ మార్జిన్ టాప్ అని సీఎస్ఎస్‌లో (పేజీ ఎలా కనబడాలో చెప్పే కోడ్) ఉంది, 90 పిక్సెల్స్ ఇచ్చా. నిన్న కోపంగా రాశాను, ఏమనుకోవద్దు.

ఫ్లయర్లు పంచే బ్యాచ్:
నేను కూడా అలాగే రాశానులే అన్నా. ఇంతకీ ముందే స్కాన్ చేసి వెనక్కి పోయినవాళ్ల సంగతేంటి?

యూత్ వింగ్:
సాయంత్రం మేం నలుగురం స్టోర్ల బయట నిలబడి మా ఫోన్లోనే కొనిపిస్తాం. పద్యాల రిహార్సల్ రేపటికి జరపండి ప్లీజ్.

పద్యాల టీచర్:
జరిపాను. పిల్లల తల్లులకి నేను ఫోన్లు చేస్తాను, వాళ్లలో సగం మంది టికెట్లు తీసుకుని ఉండరు.

ట్రెజరర్ (మంగళవారం రాత్రి):
118 అయినయ్. గురువారం కాదు, శుక్రవారం పొద్దుగాల చెప్తమని క్యాటరర్‌ను ఒప్పించిన. ఇర్వింగ్ సైడ్ ఎవరన్న ఉంటే అక్కడి ఫ్లయర్ ఒక్కసారి స్కాన్ చేయున్రి.

భోజనాల కమిటీ:
నేను ఇర్వింగ్ స్టోర్లోనే ఉన్నా. స్కాన్ చేశా, టికెట్ బటన్ దగ్గరే దిగింది. ఇక్కడ ఫ్రీజర్లో వేపపువ్వు కూడా ఉంది, రెండు ప్యాకెట్లు తీసేసుకుంటున్నా.