నలభై దాటినవారు ఉన్న ఉద్యోగం వదిలి కొత్త వృత్తిలోకి వెళ్లవచ్చా?

మిర్యాలగూడ సభ్యుడు (ప్రశ్న):
నాకు 46 ఏళ్లు. చదువు అయిపోయిన నాటి నుంచి రైస్ మిల్లుల్లోనే లెక్కలు రాస్తున్నాను. ఇప్పుడున్న మిల్లులో ఎనిమిదేళ్లుగా పీఎఫ్ కడుతున్నారు. ధాన్యం సీజన్ వచ్చిందంటే అర్ధరాత్రి దాకా కాంటా చీట్లు, లారీ బిల్లులతోనే సరిపోతుంది. ఇక చాలనిపించి, నకిరేకల్ దగ్గర నాన్నగారి నాలుగెకరాల్లో బత్తాయి తోట పెట్టాలనుకుంటున్నాను. ఈ వయసులో చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడం తెలివితక్కువ పని అని బంధువులంతా అంటున్నారు. మీరేమంటారు?

నకిరేకల్ రైతు:
తమ్ముడూ, నీకు అడ్డం వయసు కాదు, నీళ్లు. బత్తాయి నాటిన నాలుగైదేళ్లకు గానీ చెప్పుకోదగ్గ కాపు రాదు. అప్పటిదాకా ఎరువులు, డ్రిప్పు, కూలీ ఖర్చులన్నీ చేతి నుంచే పెట్టాలి. మా వైపు బోర్లు ఎండిపోయి, బిడ్డల్లా పెంచుకున్న చెట్లను జేసీబీతో పెకిలించిన రైతులను కళ్లారా చూశాను. నెల జీతానికి అలవాటు పడిన ఇల్లు ఆ అయిదేళ్లు తట్టుకోలేదు. ఈ వయసులో వృత్తి మార్చవద్దనే నా మాట.

మహబూబ్‌నగర్ న్యాయవాది:
తోట గురించి పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ దాన్నిబట్టి వృత్తి మార్చడమే తప్పని తేల్చడం నాకు సమ్మతం కాదు. మా పాలమూరు నుంచి ముంబై, పుణెలకు వలస వెళ్లి, సేద్యం చేసిన చేతులతో మట్టిపని, కట్టడం పని నేర్చుకున్న వారిని వయసెంతని ఎవరూ అడగలేదు. అవసరం తరిమితే ఒప్పుకునే మార్పును మనిషి ఇష్టపడి కోరుకున్నప్పుడు మాత్రం ఎందుకు తప్పుపట్టాలి?

నేను ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. 41వ ఏట న్యాయ కళాశాలలో సీటు కోసం లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాశాను. దానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. పట్టా చేతికి వచ్చి ఒక సీనియర్ దగ్గర చేరాక, వాయిదాల డైరీ ఎలా రాయాలో, వకాల్తా ఎక్కడ దాఖలు చేయాలో నాకంటే చాలా చిన్నవాడైన తోటి జూనియర్ నేర్పాడు. ఆ తొలి రోజుల్లో వచ్చింది బస్సు ఛార్జీలకే సరిపోయేది, ఇల్లు మావారి జీతంతోనే గడిచింది. ఈ సంగతి దాచిపెట్టి, పట్టుదల ఒక్కటే చాలని చెప్పేవారి మాట నమ్మకండి. నన్ను నిజంగా నిలబెట్టింది పాత వృత్తి. ఏళ్ల తరబడి పిల్లల జవాబు పత్రాలు దిద్దిన కన్ను కాబట్టి, దస్తావేజులో సర్వే నంబరు మొదటి పేజీలో ఒకలా, హద్దుల దగ్గర మరోలా ఉంటే ఇట్టే పట్టేసేది. భూమి తగాదాల్లో అలాంటి తేడా ఎంత దూరం తీసుకుపోతుందో కోర్టు మెట్లెక్కినవారికి తెలుసు.

పోచంపల్లి సభ్యుడు:
పాత వృత్తే నిలబెట్టిందన్న అక్కగారి మాటకు మా వైపు నుంచే ఒక ఉదాహరణ. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో చదువు ఆపేసిన చేనేత కార్మికుడు. రోజంతా ఆసు పోసి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి, తల్లి పడే భుజాల నొప్పి చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మగ్గాన్ని కాదనుకొని ఎక్కడికో వెళ్లలేదు, తనకు బాగా తెలిసిన కష్టాన్నే పట్టుకున్నారు. లెక్కల్లో ఇంత అనుభవమున్న మిర్యాలగూడ అన్నగారు అది వదిలేసి బత్తాయి వైపు ఎందుకు చూస్తున్నారో నాకు అర్థం కావడం లేదు.

నల్లగొండ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
రాజీనామాకు ముందు రెండు లెక్కలు చూసుకోండి. పీఎఫ్ పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు నెలనెలా పింఛను వస్తుంది. ఎనిమిదేళ్లకే ఆ డబ్బు తీసేసుకుంటే ఆ హక్కు పోతుంది. అయిదేళ్లు దాటింది కాబట్టి, గ్రాట్యుటీ చట్టం వర్తించే మిల్లు అయితే, ఉద్యోగం మానేటప్పుడు యజమాని ఇచ్చే గ్రాట్యుటీగా ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున మీకు రావాలి. ఇక బ్యాంకు రుణంతో సొంత యూనిట్ పెట్టుకునేవారికి సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకానికి 18 ఏళ్లు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. గ్రామాల్లో పెట్టే యూనిట్‌కు సాధారణ వర్గాలకు 25 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 35 శాతం సబ్సిడీ ఉంటుంది. అయితే తోటల పెంపకానికి అది వర్తించదు. చాలామంది బ్యాంకు దాకా వచ్చాకే ఈ సంగతి తెలుసుకొని నిరాశపడతారు.

నకిరేకల్ రైతు:
పోచంపల్లి సభ్యుడి మాట పట్టుకొని, తమ్ముడు లెక్కల పనే సొంతంగా చేసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. కానీ దాన్ని వృత్తి మార్పు అనలేం, యజమాని లేకుండా పోవడం అనాలి.

మహబూబ్‌నగర్ న్యాయవాది:
పెద్దాయనా, ఇన్నేళ్లు ఒకరిచ్చే జీతం తీసుకున్న మనిషి ఖాతాదారులను వెతుక్కొని, ఫీజు అడిగి, బాకీ వసూలు చేసుకోవడం నేర్చుకోవాలి. ఆ పనులేవీ మిల్లులో నేర్పరు. అందుకే నేను దాన్ని మార్పే అంటాను.

మిర్యాలగూడ సభ్యుడు:
అందరికీ కృతజ్ఞతలు. పింఛను సంగతి నాకు తెలియదు. పదేళ్లు నిండేదాకా మిల్లులోనే ఉంటాను. జీఎస్టీ రిటర్నులు చూసిపెట్టమని రెండు ఎరువుల దుకాణాలవారు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఆదివారాలు ఆ పని మొదలుపెడతాను. బత్తాయి ఒక్క ఎకరంలోనే, అది కూడా బోరులో నీళ్లు ఎండాకాలం దాకా నిలుస్తాయో లేదో చూశాకే. నకిరేకల్ అన్నా, నాటే ముందు ఒకసారి వచ్చి ఆ భూమి చూసి చెప్పగలరా?