1967 నుంచి ఆగని కొయ్నా: డ్యామ్ కదిలించిందా, నేలే కదిలిందా?

సాగర్ ఎడమకాల్వ
మహారాష్ట్రలో కొయ్నా డ్యామ్ దగ్గర 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు 180 మంది పోయారు. పెద్ద భూకంపం వెనకాల చిన్నచిన్నవి రావడం మామూలే, కొన్నాళ్లకు సద్దుమణుగుతాయి. ఇక్కడ మాత్రం ఆగలేదు. 5 దాటినవే 20కి పైగా వచ్చాయి. 4 దాటినవి వందల్లో. అన్నీ దాదాపు 20 కిలోమీటర్ల వెడల్పు, 30 కిలోమీటర్ల పొడవున్న ఒకే ముక్కలో. వీటిని ఇంకా ఆఫ్టర్‌షాక్స్ అనడం ఏం న్యాయం? డ్యామ్ నీళ్లు ఏటేటా కొత్తగా పుట్టిస్తున్నవని నేనంటాను. కాదనేవాళ్లు రండి. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు.

సందేహాలరావు
కాదనేవాణ్ని వచ్చాను. కొయ్నా ఎత్తు 103 మీటర్లు. భాక్రా 226. మన సాగర్ 124, నీళ్లు కూడా కొయ్నా కంటే చాలా ఎక్కువ. సాగర్ కాల్వలకు నీళ్లు వదిలింది కూడా ఆ 1967లోనే. మరి మాచర్ల ఎందుకు కూలలేదు?

ఇంకోటి. డ్యామ్‌లో నీళ్లు నింపడం మొదలయ్యాక భూమిలోంచి చప్పుళ్లొస్తున్నాయని జనం గోల పెడితే, అప్పుడు పెట్టారు అక్కడ పరికరాలు. అంతకుముందు ఆ లోయలో ఏం జరిగిందో రాసినవాడెవడు? థర్మామీటర్ కొన్నరోజే జ్వరమొచ్చిందన్నట్టుంది.

పైగా ఖండాల లోపలి నేలల్లో ఆఫ్టర్‌షాక్స్ చాలా ఏళ్లు నడుస్తాయి. అమెరికాలో న్యూ మాడ్రిడ్ దగ్గర 1811-12లో పెద్ద భూకంపాలొచ్చాయి. ఇప్పుడక్కడ వచ్చే చిన్నవాటిని కూడా ఆనాటి ఆఫ్టర్‌షాక్సే అనే శాస్త్రవేత్తలున్నారు. రెండు శతాబ్దాలు! ఆ లెక్కన కొయ్నా ఇంకా పసిపిల్ల.

నిజం తెలుసుకో
మీరు డ్యామ్ దగ్గరే ఆగిపోయారు బ్రో. టర్కీ చూడండి. 2023 ఫిబ్రవరి 6న 7.8 వచ్చింది, తొమ్మిది గంటలకు మళ్లీ 7.5. అంత పెద్ద ఆఫ్టర్‌షాక్ ఎక్కడైనా ఉంటుందా? ఆకాశంలో వెలుగులు కూడా కనిపించాయి. అలాస్కాలో అమెరికా వాళ్ల హార్ప్ యాంటెన్నాల పని అది. గూగుల్ చేసుకోండి.

సివిల్ రామం
చేశాను తమ్ముడూ. హార్ప్ ట్రాన్స్‌మిటర్ మొత్తం సామర్థ్యం 3.6 మెగావాట్లు. 7.8 భూకంపం అలల రూపంలో వదిలే శక్తికి సమానం కావాలంటే, అది ఒక్క క్షణం ఆపకుండా సుమారు 280 ఏళ్లు నడవాలి. కాగితం మీద నువ్వే వేసి చూడు. ఇక ఆ రెండోది మొదటి ఫాల్ట్ (భూమి లోపల రాళ్లు జారే పగులు) మీద వచ్చింది కాదు. మొదటిది తూర్పు అనటోలియా ఫాల్ట్ మీద, రెండోది దానికి ఉత్తరాన ఉన్న చార్దాక్ ఫాల్ట్ మీద. ఒకటి జారితే పక్కదాని మీద ఒత్తిడి మారింది.

ఉప్పల్ పాతకాపు
రామం గారూ, ఫాల్ట్‌ల సంగతి సరే. శక్తి లెక్క మాత్రం వాదనగా నిలబడదు. ఆ లెక్కే పెడితే కొయ్నా నీళ్లు కూడా నిర్దోషులవుతాయి. భూకంపం శక్తి డ్యామ్ ఇచ్చింది కాదు, వేల ఏళ్లుగా రాయిలో పేరుకున్నది. నీరు చేసేది గొళ్లెం తీయడం. కాబట్టి ఎంత శక్తి అని కాదు, ఆ గొళ్లెం దాకా దారి ఉందా అని అడగాలి. హార్ప్ పంపేవి రేడియో అలలు, అవి పైకి, అయనోస్ఫియర్ అనే వాతావరణపు పై పొరలోకి పోయేవి. ఆ ఫ్రీక్వెన్సీ నేలలోకి కొన్ని మీటర్లు, మహా అయితే పదుల మీటర్లు దిగుతుంది. ఫాల్ట్ ఉన్నది కిలోమీటర్ల లోతున. దారి లేదు.

కొయ్నాలో దారి ఉంది. నా ఉద్యోగమంతా సీస్మోగ్రామ్ (భూకంపం కదలికల గీతలు) కాయితాల మధ్యే గడిచింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఆఫ్టర్‌షాక్స్ తగ్గే తీరుకు ఒక లెక్క ఉంది. జపాన్ శాస్త్రవేత్త ఒమోరి 1894లో చెప్పాడు. మొదటి రోజు వంద వస్తే పదో రోజుకు పదో వంతు, అలా సన్నగిల్లుతూ పోవాలి. న్యూ మాడ్రిడ్ వాదన కూడా దాని మీదే నిలబడింది, అక్కడ తోక బాగా పొడవు, అంతే. కొయ్నా తోక అలా సన్నబడదు. వానాకాలంలో రిజర్వాయర్ నిండాక లేస్తుంది, మళ్లీ తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. ఆఫ్టర్‌షాక్‌కు రుతువులతో పనేముంది రావు గారూ?

అంతకంటే గట్టి సాక్ష్యం వార్నా. కొయ్నాకు దక్షిణాన ఆ రెండో రిజర్వాయర్‌లో 1985 నుంచి నీళ్లు నింపారు. 1990ల మొదట్లో ప్రకంపనలు అటు, దక్షిణానికి పాకాయి. అప్పటికి అక్కడ పరికరాలున్నాయి, మీ థర్మామీటర్ సాకు దీనికి చెల్లదు.

సాగర్ ఎందుకు అదరలేదంటారా? డ్యామ్ ఒక్కటే చాలదు గనక. కింద ఫాల్ట్ ఉండాలి, అది జారడానికి సిద్ధంగా ఉండాలి, నీరు దిగడానికి పగుళ్లుండాలి. రాళ్ల సందుల్లో నీటి ఒత్తిడి పెరిగితే ఫాల్ట్ రెండు ముఖాల మధ్య పట్టు సడలుతుంది. నీరు కిందికి ఇంకడానికి టైం పడుతుంది, అందుకే నిండిన రోజే కాదు, వారాల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా వస్తాయి. మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో హర్ష్ గుప్తా గారు దశాబ్దాలు దీని మీదే పనిచేశారు. మట్టం ఎంత వేగంగా పెరిగింది, పాత గరిష్ఠం దాటిందా, ఎన్నాళ్లు నిలిచింది, ఇవి చూడాలన్నారు. వారానికి 12 మీటర్లకు మించి పెరిగితే 5 దాటినవి వచ్చే ప్రమాదం ఎక్కువని ఆయన పరిశీలన. అక్కడ 3 కిలోమీటర్ల లోతు బోరు కూడా వేశారు. 1,200 మీటర్లకు పైగా నల్లరాయి దాటాక గ్రానైట్ తగిలింది.

ములుగోడు
పెద్దాయనా, మంచిగ చెప్పినవ్. గట్లనే మా ముచ్చట కూడ తేల్చు. 2024 డిసెంబర్ 4, పొద్దుగాల 7:27కు మా ములుగు జిల్లాల 5.3 అచ్చింది. అరుగు మీద చాయ్ పట్టుకొని కూసున్న. గ్లాసుల చాయ్ ఒక దిక్కుకు ఒరిగి సాసర్ల పడ్డది, చెయ్యి మాత్రం నేను కదపలే. గా దినం నుంచే ఒకడు మేడిగడ్డ అంటడు, ఒకడు సింగరేణి బ్లాస్టింగ్ అంటడు, ఇంకొకడు మేడారం అడవిల గాలికి వేల చెట్లు కూలినయ్ గదా, గదే సూచన అంటడు.

బ్లాస్టింగ్ అంటె నేను నమ్మ. మా బావ ఓపెన్‌కాస్ట్‌ల చేస్తడు. సైరన్ ఇస్తరు, ధన్‌మని ఒక్క దెబ్బ, కిటికీలు గల్లుమంటయ్, అయిపాయె. గిది హైదరాబాద్ దాక, విజయవాడ దాక తెలిసింది. ఏ గని బ్లాస్టింగ్ అంత దూరం పోతది?

ఉప్పల్ పాతకాపు
నీ బావ చెప్పిందే కాయితం మీద కూడా కనిపిస్తుంది. పేలుడు అన్ని దిక్కులకూ బయటికే తోస్తుంది. ఫాల్ట్ జారితే కొన్ని స్టేషన్లలో మొదటి కదలిక తోసినట్టు, కొన్నింట్లో లాగినట్టు పడుతుంది. పోల్చుకోవడం కష్టం కాదు.

మేడిగడ్డ: 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాక అందులో నీళ్లు నిల్వ చేయడం మానేశారు, మీ భూకంపం నాటికి గేట్లు ఎత్తేసే ఉన్నాయి. నిండుగా ఉన్నప్పుడు కూడా 16 టీఎంసీల బ్యారేజీ అది. ములుగు భూకంపం లోతు 40 కిలోమీటర్లని జాతీయ భూకంప కేంద్రం ఇచ్చింది. కొయ్నావి ఎక్కువగా 10 కిలోమీటర్ల లోపే. గోదావరి లోయ పాత ఫాల్ట్‌ల పట్టీ, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అప్పటికి కాళేశ్వరం ఆలోచన కూడా లేదు. చెట్లను కూల్చింది గాలి, దాన్ని ఇందులోకి లాగొద్దు.

సందేహాలరావు
వార్నా సంగతికి నా దగ్గర జవాబు లేదు, అది ఆలోచించాల్సిందే. అయినా ఒకటి వదలను. ఎప్పటికైనా రావాల్సిన భూకంపాన్ని డ్యామ్ ముందుకు జరిపిందంతే. దాన్ని 'మనిషి చేసిన భూకంపం' అని రాయడం పత్రికల అతి.

సాగర్ ఎడమకాల్వ
ఎప్పుడో రావాల్సింది ఆ తెల్లవారుజామున, జనం ఇళ్లల్లో నిద్రపోతుండగా వచ్చింది సార్. కొయ్నానగర్ వాళ్లకు ఆ 'అంతే'లో ఏం మిగిలింది? డ్యామ్‌కు మాత్రం గోడ వాలు మారే ఎత్తులో పగుళ్లొస్తే వెనక కాంక్రీట్ దన్ను కట్టి బాగుచేశారు.

పోహాంగ్ పోరగాడు
కొరియాలో చదువుకుంటున్నాను. ఇదే వాదన ఇక్కడ కోర్టు దాకా వెళ్లింది. 2017 నవంబర్ 15న పోహాంగ్‌లో 5.4 వచ్చింది. భూమిలోని వేడితో కరెంటు తీయాలని లోతైన బావుల్లోకి నీళ్లు ఎక్కించారు, అదే కదిలించిందని 2019లో ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. చివరిసారి నీళ్లు ఎక్కించాక దాదాపు రెండు నెలలకు వచ్చింది, అంటే పాతకాపు గారన్న ఆలస్యం ఇక్కడా ఉంది. 2023లో కింది కోర్టు జనానికి పరిహారం ఇమ్మంది. 2025లో పై కోర్టు నిర్లక్ష్యం రుజువు కాలేదని ఆ తీర్పు కొట్టేసింది.

ములుగోడు
గంటే కారణం తేలినా పైసలు రాలే. సరే, మల్లెప్పుడన్న ఊగితె మేము ఏం చూడాలె పెద్దాయనా? గీ ఫార్వర్డులు గాక?

ఉప్పల్ పాతకాపు
జాతీయ భూకంప కేంద్రం వెబ్‌సైట్లో టైం, చోటు, లోతు ఉంటాయి. ముందు లోతు చూడు. పెద్ద డ్యామ్‌ల నీటిమట్టాలు కేంద్ర జల సంఘం వారం వారం పెడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, ఇక్కడ పోస్ట్ చెయ్యి. మళ్లీ కొట్టుకుందాం.