పాతకాలపు లావు సెరిఫ్ అక్షరాలతో మిఠాయి కొట్టు బోర్డు: ఏ ఫాంటు బాగుంటుంది?

ట్రంకురోడ్డు_కాజా
నెల్లూరులో మిఠాయి కొట్టుకి కొత్త బోర్డు వేయిస్తున్నాం. పాత బిస్కెట్ డబ్బాల మీద ఉండేలాంటి లావు సెరిఫ్ అక్షరాల్లో (గీతల కొసల్లో చిన్న పాదాల్లాంటివి ఉండేవి) ఇంగ్లీషు పేరు, దానికి జోడీగా తెలుగు పేరు కావాలి. వాడేది మూడు చోట్ల: 8×3 అడుగుల లైటింగ్ ఫ్లెక్స్ బోర్డు, గుమ్మం పక్కన 2×1 అడుగుల చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక, మలై కాజా డబ్బా మీద 50 మి.మీ. స్టిక్కరు. డిజైనర్ బొడోనీ రకం పోస్టరు ఫాంటు చూపించాడు, స్క్రీన్ మీద అదిరిపోయింది. మూడిటికీ అదే పెట్టొచ్చా? రోడ్డు అవతలి నుంచి, అంటే సుమారు 60 అడుగుల నుంచి కనపడాలి.

బోర్డు_కావలి
మూడిటికీ ఒకే ఫాంటు పెట్టొచ్చన్నా, కానీ బొడోనీ రకం వద్దు. అందులో నిలువు గీత ఎంత లావో అడ్డ గీత అంత సన్నం. స్క్రీన్ మీద అందమంతా ఆ తేడాలోనే ఉంటుంది, బోర్డెక్కాక ముందు కరిగిపోయేదీ ఆ సన్న గీతే. ఫాంటు ఎంచుకునేటప్పుడు లావు గీత కాదు, అన్నిటికంటే సన్న గీత చూడాలి.

మీరు చెప్పే డబ్బాల పోలిక రెండు రకాల్లో దొరుకుతుంది. ఒకటి 1845లో లండన్‌లో వచ్చిన క్లారెండన్: సెరిఫ్‌లు బల్లపరుపుగా, మందంగా ఉంటాయి, గీతతో కలిసే చోట చిన్న వంపు తిరుగుతాయి. రెండోది 1922లో షికాగోలో విడుదలైన కూపర్ బ్లాక్: దాంట్లో పదునైన మూల ఒక్కటీ కనపడదు. సెరిఫ్‌ల కొసలు ఉబ్బి, పాదాలు కూడా గుండ్రంగా ఉంటాయి, 'ఓ' అక్షరం లోపలి ఖాళీ ఓ పక్కకి వాలి ఉంటుంది. మిఠాయి కొట్టుకి నా ఓటు దీనికే. కిందికి దిగే తోకలు పొట్టి, కాబట్టి రెండు వరసలు దగ్గరగా పేర్చుకోవచ్చు. కూపర్‌కి లైసెన్సు కొనాలి. ఉచితంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రాన్సిస్ (Fraunces) ఉంది. వెయిట్ (గీత లావు) 900, 'సాఫ్ట్' 100కి జరిపితే ఆ మెత్తదనం వచ్చేస్తుంది. వ్యాపారానికి వాడుకున్నా ఇబ్బంది లేదు.

సైజు సంగతి: హాయిగా చదవాలంటే 10 అడుగులకి అంగుళం లెక్క. 60 అడుగులకి కనీసం 6 అంగుళాలు. మీ బోర్డు ఎత్తు 36 అంగుళాలు కాబట్టి ఇంగ్లీషు 8 పెట్టండి, మిగతాది తెలుగుకి. వెనక లైటు పడితే తెల్ల అక్షరాలు ఉబ్బినట్టు కనపడతాయి, చిన్నబడి 'ఏ', 'ఈ'ల కడుపులు పూడిపోతాయి. అక్షరాల మధ్య ఎడం మామూలు కంటే కాస్త పెంచండి. ఫోన్ నంబరు, అడ్రసు మాత్రం ఈ ఫాంటులో వద్దు, సాదా ఫాంటులో వేయండి.

రాతిపని_చీమకుర్తి
గ్రానైట్ గురించి. ఇసుక బ్లాస్టింగ్‌కి ముందు రాయి మీద స్టెన్సిల్ షీటు అంటిస్తారు. అక్షరం కోసిన చోట రాయి తెగుతుంది, షీటు ఉన్న చోట నిలుస్తుంది. 'ఏ' కడుపు లాంటి చిన్న ముక్క షీటు ఇసుక దెబ్బకి లేచిపోతే ఆ అక్షరం గుంటగా మిగులుతుంది. గీతైనా, గీతల మధ్య ఖాళీ అయినా 3 మి.మీ. తగ్గనివ్వకండి.

గెలాక్సీలో బంగారు చుక్కలుంటాయి కదా, సన్న గీతలో గోల్డ్ పెయింట్ నింపితే చుక్కల్లో కలిసిపోతుంది. పేరు గోల్డ్‌లో పెట్టుకున్నా, కింది చిన్న వరస తెలుపులో నింపించండి సార్.

సన్న గీతలు లావు చేయాలంటే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్+క్యూ కొట్టి కర్వ్స్ (అక్షరాన్ని గీతల బొమ్మగా) చేయండి. గుండ్రటి మూలలతో 1 మి.మీ. అవుట్‌లైన్ ఇచ్చి, దాన్ని ఆబ్జెక్ట్‌గా మార్చి, అక్షరంతో వెల్డ్ చేయండి, అంటే ఒకే ఆకారంగా కలపండి. గీత 1 మి.మీ. పెరుగుతుంది. లోపలి ఖాళీ కూడా అంతే తగ్గుతుంది, అది మళ్లీ కొలుచుకోవాలి.

ట్రంకురోడ్డు_కాజా
చాలా థ్యాంక్స్ అన్నా. మరి తెలుగుకి? అనూలో (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) లావు ఫాంటు ఏదో ఒకటి పెట్టేద్దాం అంటున్నాడు డిజైనర్.

గుణింతం_ఒంగోలు
ఏదో ఒకటి పెడితే ఇంగ్లీషు ఓ కొట్టుది, తెలుగు పక్క కొట్టుది అన్నట్టుంటుంది. తెలుగులో సెరిఫ్ లేదు, కాబట్టి జోడీ కుదిర్చేది గీత లావు, వంపుల మెత్తదనం. కూపర్, ఫ్రాన్సిస్‌ల పక్కన రామభద్ర గానీ బలూ తమ్ముడు 2 ఎక్స్‌ట్రా బోల్డ్ గానీ పెట్టి చూడండి. క్లారెండన్ వైపు వెళ్తే నోటో సెరిఫ్ తెలుగు బ్లాక్ నయం.

జోడీ సరిచూసేది ఇలా: 'న' అక్షరపు లావు గీత, ఇంగ్లీషు నిలువు గీత పక్కపక్కన పెట్టి కొలవండి. రెండూ సమానం అయ్యేదాకా తెలుగు సైజు మార్చండి. తర్వాత వత్తులు. 'నెయ్యి' కింద య వత్తు, 'లక్ష్మీ' కింద మ వత్తు ఎంత దిగుతాయో చూసి, కింది వరస అక్కణ్నుంచి మొదలుపెట్టాలి.

లావు ఫాంట్లలో ముందు పోయేవి చిన్న గుర్తులు. తలకట్టు అక్షరానికి అతుక్కుపోతుంది, 'థ' లోపలి చుక్క పూడి 'ధ' అయిపోతుంది, 'ధ' కింది గీత కనపడదు. స్టిక్కరు మీద ఇది మరీ ఎక్కువ. మెరూన్ నేల మీద తెల్ల అక్షరాలంటే సిరా లోపలికి పాకి గీతలు సన్నబడతాయి, అందుకే స్టిక్కరుకి వెయిట్ తగ్గించకండి. మెరూన్‌ని నాలుగు రంగులు కలిపి కాకుండా ఒకే సిరాగా వేయమనండి, లేకపోతే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం) కాస్త జరిగినా అక్షరం అంచున రంగు చార పడుతుంది.

ఈ ఫాంట్లు యూనికోడువి. పాత కోరల్‌లో వత్తులు విడిపోతాయి. ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, 'ఆబ్జెక్ట్ టు పాత్' కొట్టి పీడీఎఫ్ ఇస్తే ప్రెస్సులో చెదరదు. స్టిక్కరు ప్రూఫ్ అసలు సైజులో తీయించి, డబ్బా మీద అంటించి, చెయ్యి చాపినంత దూరంలో పెట్టి చదవండి.