వేటలో ఉండగా అవతలి లోయ నుంచి ఆపద కేక వినిపిస్తే ఏం చేయాలి?

అడవిబాట:

రోడ్డుకు ఏడెనిమిది కిలోమీటర్ల లోపల, ఫోన్ సిగ్నల్ అందని కొండల్లో లైసెన్సు మీద వేటాడేవాళ్లను ఉద్దేశించి అడుగుతున్నాను. పొద్దు వాలుతోంది. అవతలి లోయలో మూడు తుపాకీ మోతలు, కాసేపటికి మనిషి కేకలాంటిది వినిపించింది అనుకుందాం. మనం ఒక్కరమే ఉన్నాం. రైఫిల్, వీపుసంచి, శాటిలైట్ మెసెంజర్ ఉన్నాయి.

అది ఆపద సంకేతమా, ఎవరో జంతువును కాల్చిన చప్పుడా అన్నది ఎలా తేల్చుకోవాలి? బదులుగా మనమూ కాల్చాలా? ముందు కబురు పంపాలా, ముందు మనిషి దగ్గరికి పరుగెత్తాలా? చేరాక మన తుపాకీ, వాళ్ల తుపాకీ ఏం చేయాలి? ప్రథమ చికిత్స పాఠాలన్నీ గాయం దగ్గర మొదలవుతాయి. అక్కడిదాకా చేరడం గురించి వివరంగా తెలిసినవాళ్లు చెప్పండి.

దిక్సూచి:

ఉత్తర అమెరికాలో ఏదైనా మూడుసార్లు చేస్తే ఆపద అని అర్థం. మూడు తూటాలు, మూడు ఈలలు, త్రికోణంగా మూడు మంటలు. ఆల్ప్స్ పర్వతాల్లో పద్ధతి వేరు. నిమిషంలో ఆరుసార్లు సంకేతం ఇస్తారు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. అక్కడ నిమిషానికి మూడు అంటే 'మీ సంకేతం అందింది' అనే జవాబు. వెళ్లే ప్రాంతంలో ఏది చెల్లుతుందో ముందే తెలుసుకుని వెళ్లాలి.

వేట సీజన్‌లో మూడు మోతలు విన్నంత మాత్రాన ఏమీ తేలదు. పరుగెత్తే జంతువు మీద వెంటవెంటనే మూడు కాల్చేవాళ్లు ఉంటూనే ఉంటారు. మోతల మధ్య ఎడం గమనించండి. ఆపదలో ఉన్నవాళ్లు సాధారణంగా సమానమైన ఎడంతో కాలుస్తారు, కాసేపాగి మళ్లీ అదే వరుస మొదలుపెడతారు. వేటకు అనుమతించిన వేళ దాటాక వినిపించే మూడు మోతలకు విలువ ఎక్కువ. కేకల విషయంలోనూ తొందర పడొద్దు. నక్క, ప్యూమా అరుపులు మనిషి ఆర్తనాదంలాగే వినిపిస్తాయి. మీరు మూడుసార్లు గట్టిగా ఈల వేసి, ఒక నిమిషం కదలకుండా, సంచి చప్పుడు కూడా లేకుండా వినండి. మనిషైతే మీ ఈల అందాక అరుపు తీరు మారుతుంది. మాటలు వస్తాయి, లేదా లెక్కగా బదులు వస్తుంది. బదులు రాకపోతే ఎవరూ లేరని మాత్రం అనుకోవద్దు, స్పృహ తప్పి ఉండొచ్చు. రెండు మూడు నిమిషాలకోసారి మళ్లీ ఈల వేసి చూడాలి.

ఇక దిక్కు. కొండల్లో చాలామంది తప్పుదోవ పట్టేది ఇక్కడే. ఎదురుగా ఉన్న రాతి చరియ చప్పుడును తిప్పికొడుతుంది, అది అసలు చప్పుడంత గట్టిగానూ ఉండొచ్చు. చెవికి ముందు చేరినదే సాధారణంగా నిజమైన దిక్కు, ప్రతిధ్వని దాని వెనక వస్తుంది. కళ్లు మూసుకుని, రెండు చెవుల వెనక అరచేతులు దొప్పల్లా పెట్టి, తలను మెల్లగా తిప్పుతూ వినండి. దిక్కు తోచగానే కంపాస్‌తో డిగ్రీలు చూసి, గడియారంలో సమయంతో సహా రాసుకోండి. తర్వాత ఆ దిక్కుకు అడ్డంగా వంద, రెండు వందల మీటర్లు నడిచి రెండో కొలత తీసుకోండి. మ్యాప్ మీద రెండు గీతలు కలిసిన చోటు చుట్టూ వెతకాలి. గీతల మధ్య కోణం మరీ చిన్నదైతే కలిసే చోటు కిలోమీటరు అటూఇటూ జరిగిపోతుంది, అప్పుడు ఇంకాస్త దూరం జరిగి మూడో కొలత తీయక తప్పదు. బయలుదేరే ముందు మీరున్న చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి.

బదులుగా కాల్చొద్దు. గాల్లోకి వెళ్లిన తూటా ఎక్కడో ఒకచోట దిగుతుంది. పైగా చుట్టుపక్కల ఉన్న మరో వేటగాడు మీ మోతను ఇంకో ఆపద సంకేతంగా తీసుకుంటే వెతికేవాళ్లు రెండు వైపులా చీలిపోతారు. ఈల చాలు, అరుపు కంటే దూరం పోతుంది, గొంతూ పోదు.

ఖాళీ ఛాంబర్:

మొదటి అడుగు వేయకముందే ఛాంబర్ (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గది) ఖాళీ చేయండి. సేఫ్టీ వేశాం కదా అన్నది సరిపోదు. చాలా రైఫిళ్లలో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్‌ను కాదు. పొదల్లో రాసుకుని ఆ మీట పక్కకు జరగడమూ ఉంటుంది. మీరిప్పుడు వెలుగు తగ్గుతుండగా వాలు దిగుతూ, మామూలుకంటే వేగంగా, మనసు వేరేచోట పెట్టుకుని నడవబోతున్నారు. జారిపడే అవకాశం వేటాడేటప్పటికంటే ఎక్కువ. ఎలుగుబంట్లు తిరిగే చోటైతే మ్యాగజైన్ (తూటాల అర) నిండుగా ఉంచి ఛాంబర్ ఖాళీగా పెట్టుకోవచ్చు, బేర్ స్ప్రే (ఎలుగును తరిమే కారపు స్ప్రే) మాత్రం సంచిలో కాకుండా నడుము దగ్గర చేతికి అందేలా ఉండాలి.

స్కోప్‌లోంచి మనిషిని చూడొద్దు. దూరంగా కదలిక కనిపించగానే రైఫిల్ ఎత్తి చూడటం కొందరికి అలవాటు అయిపోతుంది. స్కోప్ చూస్తున్న వైపే గొట్టం కూడా చూస్తుంది. బైనాక్యులర్స్ మెడలో లేకపోతే కళ్లతోనే సరిపెట్టుకోండి. నారింజ రంగు చొక్కా అన్నిటికంటే పైన ఉండాలి, సంచి దాన్ని కప్పేస్తే సంచికి కూడా ఒక గుడ్డ కట్టండి. పూర్తిగా చీకటి పడకముందే హెడ్‌ల్యాంప్ వెలిగించండి. మాట్లాడుతూ వెళ్లండి. భయంలో ఉన్నవాడు పొదల్లో కదిలే ఆకారం మీద కాల్చడానికి వెనుకాడడు.

కనుచూపు మేరకు వచ్చాక చెట్టు చాటునో రాయి చాటునో ఆగి కేకేయండి. "సాయానికి వస్తున్నాను. ఎంతమంది ఉన్నారు? తుపాకీ ఎక్కడుంది? కింద పెట్టారా?" ఆ జవాబు విన్నాకే బయటికి రండి. చలికి ఒళ్లు చల్లబడినవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు మాటకు మాట సరిగ్గా చెబుతూనే మరుక్షణంలో తికమక పడతారు. అందుకే ఆయుధం వాళ్ల చేతికి అందనంత దూరం జరపాలి. ఆ రకం తుపాకీ మీకు తెలిసినదైతే గొట్టాన్ని ఎవరూ లేని వైపు పెట్టి, మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్‌ను కంటితో చూసి వేలితో కూడా తడిమి చూడండి. తెలియనిదైతే దాన్ని కెలకొద్దు, గొట్టం అవతలికి ఉండేలా పది అడుగుల దూరంలో నేల మీద పడుకోబెట్టండి. అతను పడినప్పుడు గొట్టంలో మట్టో మంచో దూరి ఉండొచ్చు. ఆ తుపాకీతో సంకేతం కోసం కాల్చబోతే గొట్టం పగలొచ్చు.

ఎత్తుగడ్డ:

పైన చెప్పినవాటిలో ఒకటి చేరలేదు. గట్టు దిగకముందే కబురు పంపాలి. ఇరుకు లోయలో, దట్టమైన చెట్ల కింద శాటిలైట్ మెసేజ్ పోవడానికి చాలాసేపు పట్టొచ్చు, కొన్నిసార్లు పోనే పోదు. ఆకాశం తెరిపిగా కనిపించే చోట ఉన్నప్పుడే ఆ పని ముగించండి.

అయితే అది ఎస్‌ఓఎస్ కాదు, ఇంటి దగ్గర నమ్మకమైన ఒకరికి మామూలు మెసేజ్. "17:40కి మూడు మోతలు, కేక విన్నాను. నేనున్న చోటు ఇది, దిక్కు 220 డిగ్రీలు, దూరం కిలోమీటరు లోపు. వెళ్తున్నాను. 19:00 లోపు మళ్లీ కబురు లేకపోతే రెస్క్యూ వాళ్లకు చెప్పండి." మీరు గట్టు మీద నిలబడి ఎస్‌ఓఎస్ నొక్కితే రక్షక బృందానికి మీ స్థానం వెళ్తుంది, బాధితుడిది కాదు. అతన్ని చూశాక, అతని పక్క నుంచి నొక్కండి. అతని దగ్గర కూడా పరికరం ఉంటే అప్పటికే నొక్కాడేమో అడగండి. నొక్కి ఉంటే, రెండు పరికరాలూ ఒకే ఘటనకు చెందినవని కేంద్రానికి రాయండి. లేకపోతే రెండు వేర్వేరు ప్రమాదాలుగా లెక్కవేసే వీలుంది.

మెసేజ్‌లో అక్షరాలకు పరిమితి ఉంటుంది, చాలా పరికరాల్లో 160. కాబట్టి వరుస ఇలా ఉంటే మంచిది: ఎంతమంది, ఏ గాయం, స్పృహ ఉందా, నడవగలరా, ఏం కావాలి. అక్షాంశ రేఖాంశాలు చేత్తో రాయాల్సివస్తే పరికరం చూపించిన రూపంలోనే దించండి. దశాంశ డిగ్రీలను డిగ్రీలు, నిమిషాలుగా చదివితే స్థానం కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది.

పీఎల్‌బీ (ఆపద సంకేతం మాత్రమే పంపే చిన్న రేడియో పరికరం) ఉంటే అది ఒకవైపు కబురే. 406 మెగాహెర్ట్జ్‌లో కాస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకు చేరుతుంది, దగ్గరికి వచ్చిన బృందం 121.5 మెగాహెర్ట్జ్ సంకేతం పట్టుకుని వెతుకుతుంది. యాంటెన్నా నిలువుగా, ఆకాశం కనిపించే చోట పెట్టి వదిలేయండి. బ్యాటరీ ఆదా చేద్దామని మధ్యలో ఆపొద్దు, కనీసం 24 గంటలు పనిచేసేలా తయారుచేస్తారు. ఫోన్‌లో మీ నెట్‌వర్క్ గీతలు లేకపోయినా ఎమర్జెన్సీ నంబరుకు చేసి చూడండి. ఆ కాల్‌కు అందుబాటులో ఉన్న వేరే కంపెనీ టవరైనా దారి ఇస్తుంది.

ఇంకోటి. వెనుదిరిగే హద్దు బయలుదేరకముందే తేల్చుకోండి. తాడు లేకుండా దిగలేని చరియ, మోకాలు దాటి పారే చల్లటి వాగు, ఫలానా సమయం. ఆ హద్దు దగ్గరికి వచ్చాక ఆలోచిస్తే కేక గెలుస్తుంది, కాలు ఓడిపోతుంది. దాటలేని చోట ఆగి, అక్కడి నుంచి మాట్లాడుతూ, దీపం చూపిస్తూ, సరైన స్థానం బయటికి పంపినా అది పెద్ద సాయమే.

కట్టుగుడ్డ:

గాయాల సంగతి. వేటలో ఎదురయ్యేవి ముఖ్యంగా కత్తి తెగడం, తూటా గాయం, బాణం ములికి గుచ్చుకోవడం, మంచె మీద నుంచి పడటం, చలి. గ్లౌజులు వేసుకోండి, జంతువును కోసిన చేతులతో గాయం ముట్టుకోవద్దు.

ధారగా కారే నెత్తురు అన్నిటికంటే ముందు. చేయి, కాలు అయితే టోర్నికే (నెత్తురు ఆపడానికి మెలితిప్పి బిగించే పట్టీ). గాయానికి ఐదారు సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా వేసి, నెత్తురు ఆగేదాకా మెలితిప్పండి. విపరీతంగా నొప్పి పుడుతుంది, బాధితుడు వదులు చేయమంటాడు, చేయొద్దు. సగం బిగించినది ఇంకా ప్రమాదం. ధమని పారుతూనే ఉంటుంది, తిరిగి వెళ్లే సిర మూసుకుంటుంది, నెత్తురు కారడం పెరుగుతుంది. వేసిన సమయం దాని మీదే రాయండి. తయారు టోర్నికే లేకపోతే నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ పట్టీ, గట్టి పుల్ల వాడాలి. బెల్టును ఊరికే లాగి బిగిస్తే దాదాపు ఎప్పుడూ చాలదు, సన్నని తాడు కండను కోస్తుంది. గజ్జ, చంక దగ్గరి గాయానికి టోర్నికే పట్టదు. అక్కడ గాజ్‌ను వేలితో లోతుగా, నెత్తురు ఉబికే చోటుదాకా కూరి, రెండు చేతులా పది నిమిషాలు అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూడొద్దు.

దిగబడిన బాణాన్ని లాగొద్దు. అదే అక్కడ బిరడాలా నెత్తుర్ని ఆపుతూ ఉండొచ్చు. చుట్టూ గుడ్డలు పేర్చి కదలకుండా కట్టండి.

మంచె మీద కట్టుకునే రక్షణ బెల్టుకు వేలాడుతున్న మనిషి ప్రతి నిమిషం నష్టపోతున్నట్టే. కాళ్లలో నెత్తురు నిలిచి స్పృహ తప్పుతుంది. దించేలోగా పాదాల కింద తాడు ఉచ్చు వేసి దాని మీద నిలబడమనండి. దించాక కూర్చోబెట్టి ఉంచాలన్న పాత సలహా ఇప్పుడు చెల్లదు, మామూలుగా వెల్లకిలా పడుకోబెట్టాలి. పైనుంచి పడినవాడైతే మెడ, వెన్ను కదపకుండా చూడాలి.

చలి గురించి చాలామంది పై దుప్పటితో ఆపేస్తారు. నేల లాగేసే వేడి ఎక్కువ. ముందు కింద చాప, ఖాళీ సంచి, ఎండు కొమ్మలు ఏవైనా పరచండి. తడి బట్టలు మార్చే వీలు లేకపోతే తడి మీదే ప్లాస్టిక్ పట్టా చుట్టి, దాని మీద స్లీపింగ్ బ్యాగ్ కప్పండి. వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి ఛాతీకి, చంకలకు ఆనించాలి. వణుకుతూ స్పష్టంగా మాట్లాడేవాడికి తీపి తినిపించండి, కనీసం అరగంట వెచ్చగా ఉంచాకే నడిపించండి. వణుకు ఆగిపోయి మాట ముద్దగా వస్తుంటే నడిపించొద్దు, నోట్లో ఏమీ పోయొద్దు, పడుకోబెట్టే ఉంచి చాలా మెత్తగా కదపండి. కుదుపుకు గుండె లయ తప్పుతుంది.

అడవిబాట:

చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు. మెసేజ్ పోవడం లేదు, మనం ఒక్కరమే. ఉండాలా, వెళ్లాలా? పక్కనే వేటాడిన జంతువు పడి ఉంటే?

ఎత్తుగడ్డ:

ముందు మధ్యేమార్గం ఆలోచించండి. చాలాసార్లు రెండు మూడు వందల మీటర్లు పైకెక్కితే ఆకాశం తెరుచుకుంటుంది. మెసేజ్ పంపి, జవాబు చదివి, తిరిగి రావచ్చు. అదీ కుదరకపోతే మూడు చూడండి. నెత్తురు ఆగిందా, ఒళ్లు వెచ్చగా ఉందా, తానంతట తాను తిరిగి పడుకోగలడా. మూడూ ఉంటే వెళ్లొచ్చు. స్పృహ తప్పుతూ వస్తున్నవాడిని తప్పనిసరైతే తప్ప వదలొద్దు, వదిలితే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెళ్లండి. నీళ్లు, దీపం, ఈల చేతికందేలా పెట్టండి. వెళ్లిన సమయం, దారి, తిరిగి వచ్చే సమయం కాగితం మీద రాసి జేబులో పెట్టండి. దారి పొడవునా రంగు టేపు కట్టండి.

జంతువు విషయంలో ఆలోచనే అక్కర్లేదు. నెత్తుటి వాసనకు ఎలుగులు వస్తాయి. లాగగలిగితే గాలి పోయే వైపు కనీసం వంద మీటర్ల అవతలికి లాగండి. లాగలేకపోతే మనిషినే జరపాలి, వెన్ను అనుమానం ఉంటే తప్ప.

ఖాళీ ఛాంబర్:

హెలికాప్టర్ వచ్చేట్టయితే ముప్పై మీటర్ల చదరం, చదునుగా, తీగలు, ఎండు చెట్లు లేని చోటు చూడండి. టోపీలు, రేకు దుప్పట్లు, మాంసం సంచులు కట్టి పెట్టాలి, గాలికి లేచి రెక్కలకు చుట్టుకుంటాయి. రెండు చేతులూ వై ఆకారంలో పైకెత్తితే 'సాయం కావాలి', ఒకటి పైకి ఒకటి కిందికి చాపితే 'అక్కర్లేదు'. దీపం పైలట్ కళ్లలోకి కొట్టొద్దు. సిబ్బంది సైగ చేసేదాకా కదలొద్దు, తోక వైపుకూ, పైవాలు నుంచీ అసలు వెళ్లొద్దు.

తుపాకులున్నాయని వాళ్లు దిగగానే చెప్పండి. వాళ్లు ఎక్కించుకోకపోవచ్చు. అప్పుడు బాధితుడి తుపాకీ ఉంచిన చోటు అక్షాంశ రేఖాంశాలు రాసి బృందం పెద్దకు ఇవ్వండి, ఖాళీ చేశారా లేదా అన్నది కూడా అదే కాగితం మీద రాయండి.