కన్వీనర్ కోటాలో మెకానికలా, మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్సా?

గాజువాక తండ్రి:

మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్ గానీ సివిల్ గానీ కన్వీనర్ కోటాలో (ర్యాంకు ప్రకారం కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో) దొరకవచ్చని, కంప్యూటర్ సైన్స్ మాత్రం రాదని, గత ఏడాది కటాఫ్‌లు (సీటు వచ్చిన చివరి ర్యాంకులు) చూసినవారు చెబుతున్నారు. నగర శివారులోని ఒక ప్రైవేటు కళాశాలవారు మేనేజ్‌మెంట్ కోటాలో (యాజమాన్యం నింపే సీట్లలో) కంప్యూటర్ సైన్స్ సీటు ఇస్తామంటున్నారు. ఏడాదికి రెండున్నర లక్షలు కట్టాలట. కౌన్సెలింగ్ మొదలుకాకముందే అడ్వాన్సు కట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగిస్తేనే సీటు ఉంచుతారట. నేను పరవాడ ఫార్మా సిటీలో కాంట్రాక్టు ఉద్యోగిని. అప్పు చేస్తే కట్టగలను. అమ్మాయికి కోడింగ్ మీద ఇష్టముంది గానీ ఇంతవరకు చేసింది తక్కువ. ఏది మేలో అనుభవమున్నవారు చెప్పగలరు.

సీతమ్మధార తల్లి:

మీ స్తోమతకు అందితే కంప్యూటర్ సైన్సే తీసుకోండని నా అభిప్రాయం. మా పెద్దబ్బాయి పేరున్న కళాశాలలోనే మెకానికల్ చదివాడు. ప్రాంగణ నియామకాలకు వచ్చిన కొన్ని కంపెనీలు కంప్యూటర్ సైన్స్, ఐటీ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) విద్యార్థులనే పరీక్షకు కూర్చోబెట్టాయి. వాడు డిగ్రీ అయ్యాక హైదరాబాదు వెళ్లి, అమీర్‌పేటలో కోర్సులు చేసి, ఏడాది తరువాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. చివరకు చేయబోయే పని అదే అయినప్పుడు మొదటే ఆ బ్రాంచి చదివించడం న్యాయం కాదా? ఫీజు ఎక్కువైనా పిల్లకు ఒక ఏడాది కలిసి వస్తుంది.

మధురవాడ అధ్యాపకుడు:

తల్లిగారు చెప్పిన ఇబ్బంది నిజమైనదే. అయితే ఆమె పోల్చినవి ఒకే మంచి కళాశాలలోని రెండు బ్రాంచీలు. తండ్రిగారు తేల్చుకోవలసింది వేరు: పాత విశ్వవిద్యాలయ కళాశాలలో ర్యాంకుతో వచ్చే సీటు ఒకవైపు, బోధన ఎలా ఉంటుందో ఇంకా తెలియని చోట డబ్బుతో వచ్చే సీటు మరొకవైపు. బ్రాంచి పేరు కోసం పది లక్షల అప్పు చేయవద్దన్నది నా సమాధానం.

పది లక్షలన్నది నాలుగేళ్ల ట్యూషన్ ఫీజు మాత్రమే. బస్సు, పరీక్ష ఫీజులు, వడ్డీ దానికి అదనం. ప్రైవేటు కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోను, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలోను భర్తీ అవుతాయి. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు, ఆదాయ పరిమితిలో ఉన్న కుటుంబాలకు, కన్వీనర్ సీటుకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి) అనుమతి ఉన్న కళాశాలల్లో చేరే అమ్మాయిలకు ప్రగతి ఉపకార వేతనం కూడా ఉంది. ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలు మించకూడదు. ఇవి చూడకుండా ఫీజులు పోల్చితే లెక్క తప్పుతుంది.

సర్టిఫికెట్లు అప్పగించమన్న మాట దగ్గర మాత్రం దయచేసి ఆగండి. ఒరిజినల్స్‌ను కళాశాల తన దగ్గర అట్టిపెట్టుకోవడాన్ని ఏఐసీటీఈ అనుమతించదు. తరగతులు మొదలుకాకముందు సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించి, మిగిలిన ఫీజు తిరిగి ఇవ్వాలన్నది కూడా దాని నిబంధనే. క్యాపిటేషన్ ఫీజును (సీటు కోసం నిర్ణీత ఫీజుకు మించి వసూలు చేసే సొమ్మును) నిషేధించే చట్టం మన రాష్ట్రంలో 1983 నుంచీ ఉంది. కట్టే ప్రతి రూపాయికీ రసీదు అడగండి. రసీదు ఇవ్వలేని సొమ్మును అడిగే కళాశాల మీద నాలుగేళ్ల నమ్మకం ఎలా పెట్టుకుంటాం?

ఇక నాణ్యత. జాతీయ రహదారి వెంట హోర్డింగుల మీద కనిపించే ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్క విద్యార్థిది. దానికి బదులు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే) ర్యాంకింగు కోసం కళాశాల స్వయంగా సమర్పించిన వివరాల పీడీఎఫ్‌ను దాని వెబ్‌సైటులో వెతకండి. ర్యాంకు రాకపోయినా, దరఖాస్తు చేసిన కళాశాల దానిని అందరికీ కనబడేలా ఉంచాలి. నాలుగేళ్ల డిగ్రీ పట్టికలో ఒక్కొక్క బ్యాచికి ఎందరు చేరారు, గడువులోగా ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, ఎందరు పై చదువులకు వెళ్లారు అన్నవి వరుసగా ఉంటాయి. వాటి పక్కనే మధ్యస్థ వేతనం ఉంటుంది. అంటే ఉద్యోగం వచ్చినవారి జీతాలను వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ నిలిచే జీతం. చేరినవారికీ గడువులో పాసైనవారికీ మధ్య తేడా పెద్దదిగా ఉంటే అక్కడ బోధన సవ్యంగా లేదని నేను అనుమానిస్తాను. ఆ అంకెలు కళాశాల మొత్తానికి వర్తిస్తాయే గానీ ఒక బ్రాంచికి కాదు. బ్రాంచి సంగతి తెలియాలంటే ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ మండలి) గుర్తింపు చూడాలి. న్యాక్ (ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే జాతీయ మండలి) గ్రేడు సంస్థ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా, పరిమిత కాలానికి ఇస్తుంది. ‘ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కళాశాల’ అని బ్రోషరులో ఉన్నా, ఆ గుర్తింపు మీరు కోరే కంప్యూటర్ సైన్స్‌కే ఉందో, ఈసీఈకి మాత్రమే ఉందో, గడువు ఎప్పటితో ముగుస్తుందో ఎన్‌బీఏ వెబ్‌సైటులోనే సరిచూసుకోండి.

మరొకటి. 2024-25 నుంచి, నిబంధనలకు సరితూగే కళాశాలల్లో ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని ఏఐసీటీఈ తొలగించింది. సెక్షన్లు పెరిగినంత సులువుగా మంచి అధ్యాపకులు దొరకరు. ఈ వృత్తిలో ఉన్నవాడిగా ఆ మాట బాధతోనే రాస్తున్నాను. తరగతులు జరిగే రోజున అమ్మాయిని తీసుకుని ఆ కళాశాలకు వెళ్లండి. వెబ్‌సైటులోని అధ్యాపకుల జాబితాను ఫోనులో తెరిచి, నోటీసు బోర్డు మీది రెండో సంవత్సరం టైంటేబులుతో పోల్చి చూడండి. డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెబుతున్నారో, సెమిస్టరు మధ్యలో ఎందరు మారారో, ల్యాబులో ప్రోగ్రాములు సొంతంగా రాయిస్తున్నారో, రికార్డు చూసి ఎక్కించమంటున్నారో క్యాంటీన్ దగ్గర ఉన్న పిల్లలను అడిగితే దాచకుండా చెబుతారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ లోటుపాట్లున్నాయి. శాశ్వత అధ్యాపక పోస్టులు చాలాకాలంగా ఖాళీగా ఉండటం అందరికీ తెలిసినదే. అయినా 1926లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయపు గ్రంథాలయం, దేశమంతటా ఉన్న పూర్వ విద్యార్థులు, పోటీగా చదివే సహాధ్యాయులు ఇంత తక్కువ ఖర్చుకు ఈ నగరంలో మరోచోట దొరకడం కష్టం.

అచ్యుతాపురం ఇంజినీరు:

నేను మెకానికల్ చదివి ఇక్కడి సెజ్‌లో పనిచేస్తున్నాను. మాస్టారు చెప్పిన తనిఖీలన్నీ అవసరమైనవే. కానీ అమ్మాయి మనసులో కోడింగ్ ఉంటే కళాశాల పేరు చూసి మెకానికల్‌లో చేర్పించడం సరికాదని గట్టిగా చెబుతున్నాను. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, రిఫైనరీ పక్కనే ఉన్నాయి కదా, కోర్ ఉద్యోగం (చదివిన బ్రాంచిలోనే ఉద్యోగం) ఎలాగూ వస్తుందని మన ఊళ్లో ఇంకా అనుకుంటారు. ప్రభుత్వరంగ సంస్థలు చాలావరకు గేట్ (ఇంజినీరింగ్ పట్టభద్రుల జాతీయ పరీక్ష) స్కోరు మీదో, సొంత పరీక్షల మీదో దేశమంతటి నుంచీ ఎంపిక చేసుకుంటాయి. దగ్గరలో ఉన్నామని ఎవరూ పిలవరు. ప్రైవేటు ప్లాంట్లలో మొదటి జీతాలు తక్కువ, షిఫ్టులు తప్పవు. యంత్రాలంటే ఆసక్తి ఉన్నవారు ఓర్చుకుంటారు, ఆ పనిలో ఎదుగుతారు. ఆసక్తి లేనివారికి థర్మోడైనమిక్స్ దగ్గరే బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) మొదలవుతాయి.

గాజువాక తండ్రి:

అందరికీ ధన్యవాదాలు. సర్టిఫికెట్లు ఇవ్వబోవడం లేదు. అమ్మాయితో మాట్లాడితే, మెకానికల్ వద్దని తాను చెప్పలేకపోయానని ఇప్పుడు అంటోంది. ఈ రెండింటికీ నడుమ మరో దారి ఉందా?

మధురవాడ అధ్యాపకుడు:

ఉంది. ఇంజినీరు గారి మాట సమంజసమైనది. ఇష్టం లేని బ్రాంచిలో చౌకగా చేర్పించినా నష్టమే. అమ్మాయి ఆ మాట చెప్పగలిగినందుకు సంతోషం. అప్పు చేయవద్దన్న నా మాటలో మాత్రం మార్పు లేదు, ఎందుకంటే కన్వీనర్ కోటాలో మీరు ఇంకా చూడని సీట్లు చాలా ఉన్నాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే మహిళా ఇంజినీరింగ్ కళాశాల ఉంది. దాని ఫీజు వివరాలు విడిగా చూడండి. మధురవాడలో గాయత్రి విద్యా పరిషత్, సంగివలసలో అనిట్స్, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, ఎంవీజీఆర్ కళాశాలలు ఉన్నాయి. వీటిలో కంప్యూటర్ సైన్స్ అందకపోయినా ఐటీ, ఈసీఈ, ఈఈఈ (ఎలక్ట్రికల్) అందుతాయేమో గత ఏడాది చివరి ర్యాంకులను మీ కేటగిరీ, స్థానికత ప్రకారం చూడండి. ఈసీఈ, ఈఈఈ చదివేవారు అదనపు క్రెడిట్లతో కంప్యూటర్ సైన్స్ మైనర్ డిగ్రీ చేసే వీలు ఉంటుంది; చేరబోయే కళాశాలలో అది నిజంగా నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి.

వెబ్ ఆప్షన్లలో (కౌన్సెలింగ్ కోసం ఆన్‌లైన్‌లో ఇచ్చే కళాశాల, బ్రాంచిల వరుసలో) ముందుగా అమ్మాయి నిజంగా కోరుకునే సీట్లను, రావనిపించినా సరే, పైన పెట్టండి. పై నుంచి చూసుకుంటూ వచ్చి మొదట అందిన సీటునే కేటాయిస్తారు గనుక, అందని ఆప్షన్ పైన ఉండటం వల్ల కింది సీటు పోదు. తరువాత ఐటీ, ఈసీఈ, ఈఈఈ వరుసగా రాయండి. మెకానికల్, సివిల్ వద్దనుకుంటే అసలు జాబితాలో చేర్చకండి. చేర్చితే అవి రావచ్చు. తొలి విడతలో వచ్చిన సీటుకు రిపోర్టు చేసి, రెండో విడతలో ఇంకా మెరుగైనవి మాత్రమే కోరండి. రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. జాబితా తయారయ్యాక, ఫ్రీజ్ చేయకముందే (ఖరారు చేయకముందే), మీ ర్యాంకు, కేటగిరీలతో సహా ఇక్కడ పెట్టండి. వరుస చూసి చెబుతాను.